శత్రువు మనసు మారితే మనం సిద్ధమేనా?

(విజయనగరంలో ఒక సాయంత్రం జరిగిన శాంతి ప్రార్థన కూడికలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

పెద్దలకు, అమ్మలకు, వెనక నిలబడిన పిల్లలకు అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. బొబ్బిలి నుంచి, రాజాం నుంచి, శ్రీకాకుళం నుంచి కూడా వచ్చారని చెప్పారు. చివరి బస్సు అందుకోవలసినవారు ఉంటారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

శాంతి కోసం ప్రార్థించడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. శాంతి కోసం ప్రార్థించడానికి ఎవరికి అభ్యంతరం? ఎవరికీ ఉండదు. లోకమంతా చల్లగా ఉండాలని చేతులు జోడిస్తాం, లేచి ఇంటికి వెళ్తాం. ఆ ప్రార్థనలో మనిషి ఎవరూ ఉండరు, అందుకే అది సులువు. ఈ సాయంత్రం ఆ ప్రార్థనలోకి ఒక మనిషిని తీసుకొద్దాం. మీకు అన్యాయం చేసిన మనిషిని. బహుశా ఇంకా చేస్తూనే ఉన్న మనిషిని. పేరు పైకి చెప్పనక్కర్లేదు, మనసులో తలచుకోండి. తలచుకున్నారా? ఆ మనిషి మనసు శాంతి వైపు తిరగాలని ఎప్పుడైనా ప్రార్థించారా? ఒకవేళ ప్రార్థించి ఉంటే, అది నెరవేరిన రోజున ఏం చేస్తారో ఆలోచించారా? ఈ రెండో ప్రశ్న కోసమే నేను ఇక్కడ నిలబడ్డాను.

మన నేలలో పగ గురించి ఎవరూ ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24. బొబ్బిలి కోట. పూసపాటి విజయరామరాజు ఒకవైపు, ఆయనకు అండగా బుస్సీ దొర ఫ్రెంచి ఫిరంగులు. కోటలో రంగారాయుడు. కోట నిలబడదని తెలిశాక లోపలి ఆడవాళ్ళు, పిల్లలు ఏమయ్యారో మీకు తెలుసు. కొద్ది రోజుల్లోనే బొబ్బిలివారి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇద్దరు రాజులూ పోయారు. జంగం కథల్లో, బుర్రకథల్లో ఇది వింటూ పెరిగాం. విన్న ప్రతిసారీ ఒక పక్షాన నిలబడి విన్నాం. అవునా కాదా? బొబ్బిలివారు ఒక పక్షం, విజయనగరంవారు ఒక పక్షం.

ఆ కథలో పోరు వద్దన్న గొంతు ఒకటుంది. పైడితల్లి. విజయనగరం రాజుగారి తోబుట్టువు, యుద్ధం వద్దని అన్నను వేడుకుందని మన జనం చెప్పుకుంటారు. ఆమె మాట ఎవరూ వినలేదు. అయినా ఏటా దసరా తరవాత మంగళవారం ఆ పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో సిరిమాను తిరిగేటప్పుడు లక్షలమంది దండం పెట్టేది ఎవరికి? గెలిచిన రాజుకు కాదు, ఓడిన రాజుకు కాదు. మన జనం మనసులో ఏది పెద్దదో అక్కడ తెలుస్తుంది. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం, అందుకే చెప్పాను.

అయితే పైడితల్లి వేడుకున్నది సొంత అన్నను. శత్రువు కోసం వేడుకోవడం ఇంకా కష్టం. నేను క్రైస్తవుణ్ణి, మీలో చాలామందికి తెలుసు. శత్రువుల కోసం ప్రార్థించమని యేసు కొండమీద చెప్పిన మాట చిన్నప్పటి నుంచి వల్లిస్తున్నాను. కానీ ఆ ప్రార్థన ఎలా ఉంటుందో చూపించడానికి ముందు ప్రహ్లాదుడి దగ్గరికి తీసుకెళ్తాను. సింహాచలం వెళ్ళే ప్రతివారికీ ఆ కథ తెలుసు కదా. స్తంభం, నరసింహస్వామి, హిరణ్యకశిపుడి చావు, ఇవే మనకు గుర్తుంటాయి. విష్ణుపురాణం మొదటి అంశంలో అంతకు ముందే ఒక ఘట్టం ఉంది. రాజుగారి పురోహితులు ఈ కుర్రవాణ్ణి చంపడానికి మంత్రంతో కృత్య అనే క్షుద్రశక్తిని పుట్టిస్తారు. ఒళ్ళంతా మంటలతో అది వచ్చి శూలంతో గుండెల మీద పొడుస్తుంది. శూలం ముక్కలవుతుంది. అప్పుడు కృత్య వెనక్కి తిరిగి తనను పుట్టించిన పురోహితుల మీదే పడి వాళ్ళను కాల్చేస్తుంది.

ఇక్కడ ఆగండి. మనమైతే ఏమంటాం? తగిన శాస్తి జరిగింది అంటాం. దేవుడున్నాడు అంటాం. నిజంగా దేవుడి పేరుతోనే ఆ మాట అంటాం. ఆ కుర్రవాడు ఏం చేశాడు? కృష్ణా, అనంతా, కాపాడు అని అరుస్తూ కాలిపోతున్న ఆ మనుషుల వైపు పరుగెత్తాడు. వాళ్ళ కోసం వేడుకున్నాడు. ఆ వేడుకోలును జాగ్రత్తగా వినండి. నన్ను చంపడానికి వచ్చినవారు, విషం పెట్టినవారు, నిప్పులో వేసినవారు, ఏనుగులతో తొక్కించినవారు, పాములతో కరిపించినవారు, వీళ్ళందరినీ నేను మిత్రులుగానే చూశాను, ఆ మాట నిజమైతే ఈ పురోహితులు బతకాలి అన్నాడు. వాళ్ళు లేచి కూర్చున్నారు, అతన్ని దీవించారు.

ఏం గమనించారు? జరిగిన కీడు ఒక్కటి కూడా దాచలేదు. విషాన్ని విషమనే అన్నాడు, నిప్పును నిప్పనే అన్నాడు. శత్రువు కోసం ప్రార్థించాలంటే ఏమీ జరగనట్టు నటించాలని మనలో కొందరు అనుకుంటారు. అమ్మా, అలా నటించకండి. చేసిన పనికి పేరు పెట్టండి. నా పొలం గట్టు జరిపాడు ప్రభూ, నా మీద అబద్ధపు సాక్ష్యం చెప్పాడు ప్రభూ అని చెప్పండి. దేవుడి దగ్గర మొహమాటం ఎందుకు? ఆ తరవాతే అడగండి, అతను బతకాలి, బాగుండాలి, మారాలి అని. ఇంకొక సంగతి. పురోహితులు దీవించారు. తండ్రి మాత్రం అప్పటికీ మారలేదు. అంతటి ప్రహ్లాదుడి ఇంట్లోనే అలా జరిగింది. కాబట్టి ఫలానా రోజులు ప్రార్థిస్తే ఫలానా మనిషి మారతాడని మీకు ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మరి ప్రార్థన దేనికి, అంటారా? బైబిల్లో సామెతల గ్రంథం 21వ అధ్యాయం మొదటి వచనం చూడండి. యెహోవా చేతిలో రాజు హృదయము నీటికాలువలవలె నున్నది. ఇక్కడ వ్యవసాయం చేసినవారు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మడవ తీయడం మీకు నేను చెప్పాలా? పారతో గట్టు కాస్త కోసి మట్టి పక్కకు లాగితే నీరు అటు మళ్ళుతుంది. నీటిని కొట్టి ఎవరూ మళ్ళించరు, తిట్టి మళ్ళించరు. దారి ఇచ్చి మళ్ళిస్తారు. మన ప్రార్థనలు ఎక్కువగా నీటిని కొట్టే ప్రార్థనలే. వాడికి బుద్ధి చెప్పు దేవా, వాడి పొగరు అణచు దేవా అంటాం. అతను వెనక్కి వచ్చే దారి ఒకటి తెరిచి పెట్టమని ఎప్పుడైనా అడిగామా? ఆ దారి మన పెరట్లోంచే వెళ్తుందంటే ఒప్పుకుంటామా?

ఇప్పుడు బైబిల్లోని యోనా ప్రవక్త దగ్గరికి వద్దాం. ఆదివారం బడిలో పిల్లలకు చేప కథగా చెబుతాం. పెద్దలకు చెప్పవలసిన కథ చేప తరవాత మొదలవుతుంది. నీనెవె అష్షూరు మహానగరం. అష్షూరు సైన్యాలంటే ఆ రోజుల్లో చుట్టుపక్కల దేశాలు వణికిపోయేవి. యోనా పుట్టిన ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని తరవాతి కాలంలో, క్రీ.పూ. 722లో, సమరయ కోట పగలగొట్టి తుడిచిపెట్టింది వాళ్ళే. అటువంటి ఊరికి వెళ్ళి తన మాట చాటమని దేవుడు చెబితే యోనా తర్షీషు ఓడ ఎక్కి పారిపోయాడు. ఎందుకు పారిపోయాడు? భయపడ్డాడని చాలామంది చెబుతారు. కాదు, నాలుగో అధ్యాయంలో అతనే నోరు తెరిచి చెప్పాడు. నువ్వు కనికరం గలవాడివని, వాళ్ళు మారితే క్షమిస్తావని నాకు తెలుసు, అందుకే పారిపోయాను అన్నాడు. వింటున్నారా? శత్రువు మారతాడేమోనన్నదే అతని భయం!

చివరికి వెళ్ళాడు, నలభై రోజుల్లో ఈ పట్టణం నాశనమవుతుందని చాటాడు. ఊరు మారింది. రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా గోనెపట్ట కప్పించాడు. ఇంతకన్నా ఏం కావాలి? లోకంలో ఏ బోధకుడికైనా ఇంతటి ఫలం దొరికిందా? యోనా సంతోషించాడా? కోపగించుకున్నాడు. నన్ను చంపెయ్, నేను బతకడం కంటే చావడం మేలు అన్నాడు. ఊరి బయట పందిరి వేసుకుని, ఊరు ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే దాని కోసం విలపించాడు. లక్షా ఇరవై వేల మంది ఉన్న ఊరు బతికిందని మాత్రం ఏడుపు. దేవుడు ఒక ప్రశ్న అడుగుతాడు, అక్కడితో ఆ గ్రంథం ఆగిపోతుంది. యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు.

యోనాను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఉద్దానంలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. పేరు చెప్పను, ఊరు చెప్పను. భర్త పోయాక జీడితోట పంపకంలో మరిది అన్యాయం చేశాడు. చెట్లు ఎక్కువున్న భాగం తను ఉంచుకుని ఇసుకదిబ్బ ఈవిడకు వదిలాడు. ఇంటి మధ్య గోడ లేచింది, మాటలు ఆగిపోయాయి. ఆవిడ రోజూ తెల్లవారుజామున ఆ మరిది కోసం ప్రార్థించేవారు. పేరు పెట్టి, అతని మోకాళ్ళ నొప్పులు తగ్గాలని, దూరదేశంలో పనికి వెళ్ళిన అతని కొడుకు క్షేమంగా ఉండాలని, అతని మనసు మారాలని. ఏళ్ళ తరబడి. ఆ ప్రార్థన విన్నవారందరూ ఆవిడను ఎంతో మెచ్చుకునేవారు.

ఒకరోజు అతను వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వదినా, పిల్ల పెళ్ళి కుదిరింది, పెద్దమ్మ లేకుండా ఎలా చేస్తాం, తోట సంగతి కూడా పెద్దల్లో కూర్చుని సరిచేసుకుందాం అన్నాడు. ఆవిడ నాతో ఏం చెప్పారో తెలుసా? మాస్టారూ, నాకు సంతోషం రాలేదండి, ఒళ్ళు మండిపోయింది, ఇన్నేళ్ళు ఏడిపించి ఇంత తేలిగ్గా వచ్చి నిలబడతాడా అనిపించింది, తలుపు వేసేద్దామనుకున్నాను అన్నారు. నిజాయితీ గల మనిషి కాబట్టి చెప్పారు. మనలో చాలామంది చెప్పం. మనకు అన్యాయం చేసినవాడు చెడ్డవాడుగా ఉన్నంతకాలం మన బాధకు ఒక సాక్షి ఉన్నట్టు ఉంటుంది. అతను మారి, మంచివాడై, ఊళ్ళో అందరితో కలిసి నవ్వుతుంటే, మరి నేను పడిందంతా ఎవరి లెక్కలోకి వెళ్ళింది అనిపిస్తుంది. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని పాపమని కొట్టిపారేయకండి. ఆవిడ ఆ రోజు మంచినీళ్ళు మాత్రం ఇచ్చి పంపించారట. రేపు చెబుతానన్నారట. ఆ రాత్రి చేసిన ప్రార్థనలో మరిది పేరు లేదండి, నా కోసమే చేసుకున్నాను అని చెప్పారు. పెళ్ళికి వెళ్ళారు. తోట సర్దుబాటుకు ఇంకో రెండు పంటలు పట్టింది, అది వేరే కథ.

మారినవాణ్ణి నమ్మడం ఎలా? ఇది అడగవలసిన ప్రశ్నే. కళింగ ప్రజలకు ఇది వచ్చింది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను ఇప్పటికీ కళింగాంధ్ర అంటున్నాం కదా. క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు కళింగం మీద పడ్డాడు. లక్షమంది చనిపోయారని, లక్షా యాభై వేలమందిని చెరపట్టి తీసుకుపోయారని ఆయన 13వ శిలాశాసనంలో ఆయనే చెప్పాడు, తన పశ్చాత్తాపం కూడా అందులోనే చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, ఆ శాసనం కళింగంలో లేదు. భువనేశ్వర్ దగ్గర ధౌళిలో లేదు, ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే ఋషికుల్య ఒడ్డున జౌగడలో లేదు. ఆ రెండు చోట్లా వేరే శాసనాలు చెక్కించాడు. అవి తన అధికారులకు ఇచ్చిన ఆజ్ఞలు. ప్రజలందరూ నా బిడ్డలు, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకండి, బాధించకండి అని.

నేను దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. దెబ్బ తిన్న నేల మీద, నాకు చాలా బాధగా ఉంది అని రాయించడం కంటే, నా మనుషులు మిమ్మల్ని ఇక బాధించరు అని రాయించడం ఎక్కువ విలువైనది కాదా? బాధపడిన మనిషికి ఎదుటివాడి కన్నీళ్ళతో ఏం పని? దెబ్బ ఆగాలి, చెరసాల తెరవాలి. అతని మనసు మారాలని ప్రార్థించేటప్పుడు ఇది అడగండి, అతని పనులు మారాలి అని. తరవాతి తరాల్లో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు లేచాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వాటిని వెలుగులోకి తెచ్చారు. చూడనివారు ఒకసారి వెళ్ళి చూడండి, శ్రీకాకుళం నుంచి దగ్గరే.

ఇక్కడ ఆడపిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఇంట్లో కొట్టే భర్త కోసం ప్రార్థించమంటే, దెబ్బలు తింటూ అక్కడే ఉండమని అర్థం కాదు. కాదు. రెండోసారి చెబుతున్నాను, కాదు. బైబిల్లో దావీదును చూడండి. రాజైన సౌలు మూడువేల మందితో తరుముతున్నాడు. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు అతన్ని చంపలేదు, అంగీ చెంగు మాత్రం కోశాడు. బయటికి వచ్చి చూపించాడు. సౌలు ఎలుగెత్తి ఏడ్చాడు, నాకంటే నువ్వు నీతిమంతుడివి అన్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవని నేను అనను. కానీ ఆ అధ్యాయం చివరి మాట చదవండి. సౌలు తన ఇంటికి వెళ్ళాడు, దావీదు తన మనుషులతో కొండస్థలానికి వెళ్ళాడు. రాజుతో కలిసి ఇంటికి వెళ్ళలేదు. రెండు అధ్యాయాలు తిప్పండి, అదే సౌలు మళ్ళీ మూడువేల మందితో బయలుదేరాడు. చేయి ఎత్తనక్కర్లేదు, మెడ అప్పగించనక్కర్లేదు. పుట్టింటికి వెళ్ళండి, మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి, ప్రార్థన అక్కడి నుంచి కూడా చేయవచ్చు.

లైబీరియా గురించి చెప్పి ముగిస్తాను. పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం. 2003 నాటికి అంతర్యుద్ధంతో చితికిపోయి ఉంది. లేమా బోవీ అనే యువతి, అధ్యక్షుడు చార్లెస్ టేలర్ సైన్యంలో పనిచేసిన బాలసైనికుల మనసులు కుదుటపరిచే పని చేస్తూ ఉండేది. తమ ఊళ్ళను తగలబెట్టిన కుర్రవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ కథ వినడం, ఊహించుకోండి. ఆమె, ఆమెతో పాటు క్రైస్తవ స్త్రీలు, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర కూర్చున్నారు. ఎండలో, వానలో ప్రార్థించారు, పాడారు. ప్రార్థించి ఊరుకోలేదు. ఏప్రిల్‌లో టేలర్ ముందు నిలబడి చర్చలకు వెళ్ళమన్నారు. ఘనాలో చర్చలు సాగదీస్తుంటే హాలు తలుపుల ముందు చేయి చేయి పట్టుకుని కూర్చుని నాయకులను బయటికి రానివ్వలేదు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతిలో భాగం దక్కింది. టేలర్ మనసు మారిందా? మారిందనడానికి నాకు ఆధారం కనిపించదు. పొరుగుదేశం సియెర్రా లియోన్‌లో జరిగిన ఘోరాలకు 2012లో ఆయనకు యాభై ఏళ్ళ శిక్ష పడింది. కానీ తుపాకులు దించిన కుర్రవాళ్ళు ఎంతోమంది తల్లుల దగ్గరికి తిరిగి వచ్చారు. వాళ్ళు తిరిగి రావడానికి ఆ స్త్రీలు ముందే చోటు సిద్ధం చేసి ఉంచారు.

ఒక చీటీ వచ్చింది, చదువుతాను. మా అన్నయ్యకూ నాకూ భూమి కేసు నడుస్తోంది, ఆయన కోసం ప్రార్థించాలంటే కేసు వెనక్కి తీసుకోవాలా, అని రాశారు. తమ్ముడూ, తీసుకోనక్కర్లేదు. నీ పిల్లల వాటా నువ్వు అడగడం తప్పు కాదు. కేసు నడపండి, అబద్ధపు కాగితం మాత్రం ఒక్కటి కూడా పెట్టకండి. వాయిదాకు ముందు రాత్రి అన్నయ్య పేరు చెప్పి ప్రార్థించండి. మర్నాడు కోర్టు వరండాలో ఆయన కనిపిస్తే, భోజనం చేశావా అన్నయ్యా అని అడగండి. జవాబు చెప్పకపోతే వచ్చే వాయిదాకు మళ్ళీ అడగండి. ఎప్పుడైనా రాజీకి వస్తానంటే ఎందుకు వచ్చాడని ఆరా తీయకండి, మీ వకీలుతో చెప్పి లోక్ అదాలత్‌కు పెట్టించుకోండి. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అక్కడ కుదిరినదాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు, అందుకని సర్వే నంబర్లు, హద్దులు ఇద్దరూ కలిసి పొలం దగ్గర నిలబడి చూసుకున్న తరవాతే సంతకాలు పెట్టండి.